జాజ్‌కు తద్దినం పెట్టకండి

జాజ్ వినాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని కొత్తవారెవరైనా అడిగితే మన సంగీతప్రియులు చెప్పే సమాధానం ఒక్కటే. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. ఆ తరువాత డేవ్ బ్రూబెక్ 'టైమ్ ఔట్'. ఇంకా ఓపిక మిగిలి ఉంటే జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్'. మొదటి రెండూ 1959లో వచ్చినవి, మూడవది 1965లో. అడిగినవాడు భక్తితో ఆ మూడూ వింటాడు, బాగున్నాయంటాడు, నాలుగవది ఏమిటని మాత్రం అడగడు. అది అతని బద్ధకమని మనం అనుకుంటాము. కథ ముగిసిపోయిందని మనమే చెప్పకనే చెప్పాము కదా, ఇక అతడు అడగడానికి ఏముంది?

ఈ మాట కొందరు మిత్రులకు కటువుగా తోచవచ్చు. తోచినా చెప్పక తప్పదు. జాజ్‌ను పరిచయం చేయవలసింది ఈనాడు జీవించి, ఈనాడు వాయిస్తున్న కళాకారులతో. పాతవారి వద్దకు దారి వీరి నుంచే వెళ్ళాలి. ఈ క్రమాన్ని తలక్రిందులు చేసి, అరవై ఏళ్ళ నాటి నాలుగు ఆల్బములను గుమ్మంలో కాపలా పెట్టి, వాటికి మొక్కినవారినే లోపలికి రానిస్తామనడం ఆ సంగీతానికీ అన్యాయమే, వినబోయే చెవికీ అన్యాయమే.

ఆ పాత ఆల్బముల గొప్పతనం మీద నాకు పేచీ లేదు. 'కైండ్ ఆఫ్ బ్లూ' విని చలించనివాడితో సంగీతం గురించి మాట్లాడడం వృథా. నా పేచీ అంతా పూజారులతోనే గాని దేవుడితో కాదు. గర్భగుడి తలుపులు 1967లో, కోల్ట్రేన్ పోయిననాడే, మూతపడ్డాయని ప్రకటించి, అప్పటినుంచీ గుడి బయట తీర్థం అమ్ముకుంటున్నవారితో.

ఈ పూజారితనం ఎంత బలంగా పాతుకుపోయిందో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. 2001లో అమెరికా ప్రజా టెలివిజనులో కెన్ బర్న్స్ తీసిన 'జాజ్' అనే డాక్యుమెంటరీ పది భాగాలుగా ప్రసారమయింది. శ్రమతో, ప్రేమతో తీసినదే, కాదనను. కాని అందులో తొమ్మిది భాగాలు 1960 వరకు జరిగిన కథకే సరిపోయాయి. ఆ తరువాతి నలభై ఏళ్ళకూ కలిపి దక్కినది చివరి భాగం ఒక్కటే. చూసినవారికి కలిగే భావం ఏమిటి? ఒక మహావృక్షం పెరిగింది, పూచింది, కాచింది, ఎండింది. ఇక మిగిలింది ఆ మాను చుట్టూ ప్రదక్షిణం చేయడమే.

తమాషా ఏమిటంటే, వీరు పూజించే ఆ 1959 ప్రశాంతమైన సంవత్సరమేమీ కాదు. ఆ నవంబరులో ఆర్నెట్ కోల్మన్ తన బృందంతో న్యూయార్కులోని ఫైవ్ స్పాట్ క్లబ్బులో వాయించడం మొదలుపెట్టగానే అక్కడి సంగీతలోకం రెండుగా చీలింది. ఒకరికి మహానుభావుడుగా కనిపించినవాడు మరొకరికి మోసగాడుగా కనిపించాడు. 1961లో 'డౌన్ బీట్' పత్రికలో జాన్ టైనన్ అనే విమర్శకుడు కోల్ట్రేన్, ఎరిక్ డాల్ఫీల వాదనం జాజ్‌కే వ్యతిరేకమైనదని తీర్మానించాడు. ఆ కోల్ట్రేన్‌నే ఈనాడు కొత్తవారిని కొట్టడానికి కర్రగా వాడుతున్నారు. డాల్ఫీ 1964 జూన్‌లో బెర్లిన్‌లో 36వ ఏట మరణించాడు. ఈనాడు అందరూ నెత్తిన పెట్టుకునే అతని 'ఔట్ టు లంచ్' వెలువడిందీ ఆ మరణం తరువాతనే. కళాకారుడు పోయిన తరువాత చదివే ప్రశంస అతనికి వినబడదు.

ఈ జబ్బు మనకు తెలియనిదేమీ కాదు. ఘంటసాలతో పాట పోయిందనీ, చలంతో వచనం పోయిందనీ, శ్రీశ్రీతో కవిత్వం పోయిందనీ వింటూ పెరిగినవాళ్ళమే మనమందరమూ. పోయిందన్నవారిని ఆ తరువాత వచ్చినవాటిలో ఏం విన్నారు, ఏం చదివారు అని అడిగి చూడండి. సమాధానం రాదు. వినకుండానే తీర్పు ఇవ్వడం ఎంత సుఖమైన పని!

అయితే ఇది ఒట్టి అభిరుచుల తగాదా అయితే నేను ఇంత గొంతు చించుకోనవసరం లేదు. ఇందులో మనుషుల బతుకులున్నాయి.

జేమీ బ్రాంచ్ అని ఒక ట్రంపెట్ వాద్యకారిణి ఉండేది. షికాగోలో రాటుదేలి న్యూయార్కు చేరింది. 2017లో 'ఫ్లై ఆర్ డై' అనే ఆల్బంతో వచ్చింది. ట్రంపెట్, చెల్లో, బాస్, డ్రమ్స్: నలుగురు కలిసి వీధి ఊరేగింపులాగా, ఒక్కొక్కప్పుడు వీధి కొట్లాటలాగా వాయించిన సంగీతమది. 2022 ఏప్రిల్‌లో ఆ వరుసలో మూడవ స్టూడియో ఆల్బమును ఒమాహా నగరంలో రికార్డు చేసింది. అది విడుదల కాకముందే, ఆ ఆగస్టులో, 39 ఏళ్ళకే మరణించింది. ఆల్బం మరుసటి సంవత్సరం వచ్చింది. ప్రశంసలు వెల్లువెత్తాయి. ఆ వెల్లువలో సగమైనా ఆమె బతికుండగా వచ్చి ఉంటే ఎంత బాగుండేది! డాల్ఫీకి జరిగినదే, 58 ఏళ్ళ తరువాత, మళ్ళీ జరిగింది. మధ్యలో మనమేమి నేర్చుకున్నట్టు?

డబ్బు సంగతి కూడా చూడండి. స్పాటిఫై సంస్థ 2024లో ఒక నియమం పెట్టింది. పన్నెండు నెలల్లో కనీసం 1000 సార్లు వినబడని పాటకు పైసా కూడా ఇవ్వరు. సినిమాపాటకు వెయ్యి అంటే ఒక లెక్కా? కాని ఏ చిన్న ఊళ్ళోనో ఒక బాస్ వాద్యకారుడు సొంత ఖర్చుతో చేసుకున్న ఆల్బములో ఏడవ తునకకు వెయ్యి అంటే కొండ. ఆ వెయ్యిలో మనవి ఒక పది ఉంటే అతనికి లాభం. 'కైండ్ ఆఫ్ బ్లూ'ను మనం ఇంకొక పదిసార్లు వింటే మైల్స్ డేవిస్‌కు ఒరిగేదేమీ లేదు.

దీనికి తోడు కొత్త విపత్తు ఒకటి వచ్చింది. కాఫీ తాగేటప్పటి జాజ్, చదువుకునేటప్పటి జాజ్, నిద్రపోయేటప్పటి జాజ్ అంటూ గంటల తరబడి సాగే వరుసలు. వాయిస్తున్నది ఎవరో మనకు తెలియదు, తెలుసుకోవాలని అనిపించనివ్వరు. పూజారులు జాజ్‌ను విగ్రహం చేస్తే, వీరు అగరుబత్తి చేశారు. రెండు చోట్లా చెరిగిపోయింది వాయించే మనిషి పేరే.

ఇక నా వాదానికి ఎదురు వచ్చే మాటలు నాకు తెలుసు. ఒక్కొక్కటిగా చూద్దాం.

పునాది లేకుండా మేడ ఎక్కడమెలా అంటారు. నన్నయను పూర్తి చేసిన తరువాతనే శ్రీశ్రీని ముట్టాలని మనలో ఎవరైనా నియమం పెట్టుకున్నామా? చేతికి దొరికిన సమకాలీనుణ్ణి చదివాము, అతను వెనక్కి పంపించాడు, వెళ్ళాము. జాజ్‌లో ఈ దారి ఇంకా సులభం. విజయ్ అయ్యర్ అనే పియానో వాద్యకారుడి త్రయం 2009లో చేసిన 'హిస్టారిసిటీ' వినండి. అందులో డ్రమ్స్ వాయించినది మార్కస్ గిల్మోర్. ఎవరీయన అని వెతికితే రాయ్ హేన్స్ మనవడని తెలుస్తుంది. 2024లో 99 ఏళ్ళ వయసులో మరణించిన ఆ హేన్స్ ఒకనాడు చార్లీ పార్కర్‌కు, కోల్ట్రేన్‌కు పక్కవాద్యం వాయించినవాడు. రెండే అడుగుల్లో మీరు పూజారులు చెప్పే పునాదికి చేరారు. అయితే పరీక్షకు చదివే విద్యార్థిలాగా వెళ్ళలేదు, మనవడి ఇంటి నుంచి తాత ఇంటికి నడిచినట్టు వెళ్ళారు.

కాలమే జల్లెడ, మంచిది నిలుస్తుంది, తొందరెందుకు అంటారు. కాలం తనంతట తాను దేన్నీ జల్లించదు. ఆ జల్లెడ పట్టుకునేవి ఆనాటి శ్రోతల చేతులే. ఎవరో ఒకరు ఫైవ్ స్పాట్‌లో కూర్చుని విన్నారు గనుక, డబ్బు పెట్టి కొన్నారు గనుక, పక్కవాడితో పోట్లాడారు గనుక ఆర్నెట్ కోల్మన్ మన వరకు వచ్చాడు. మన వంతు పనిని కాలం మీదకు తోసి, తరువాత నిలిచినవాటిని మాత్రం తీరిగ్గా అనుభవిస్తామనడం విత్తకుండానే కోతకు రావడం.

అసలు ఇది జాజే కాదు అంటారు. ఆ ఊగు లేదట, ఆ పాత రాగమాలికలు లేవట. జాజ్‌కు మూలమైనది మనోధర్మం, దానికి తోడు నలుగురు ఒకరినొకరు వింటూ వాయించే క్రమశిక్షణ. ఈ రెండూ ఉన్నంతవరకు దుస్తులు ఏవైనా మనిషి అతడే. షికాగోకు చెందిన డ్రమ్స్ కళాకారుడు మకాయా మెక్‌క్రేవెన్ తన 'ఇన్ ది మొమెంట్' (2015) కోసం ఒకే వేదిక మీద 28 ప్రదర్శనలు, దాదాపు 48 గంటలు రికార్డు చేసి, వాటిని కత్తిరించి, అతికించి, కొత్త రచనలుగా మలిచాడు. కత్తెర పడిన తరువాత జాజ్ ఎలా అవుతుందని అడిగేవారు, మైల్స్ డేవిస్ 'బిచెస్ బ్రూ' (1970)ను నిర్మాత టియో మసెరో కత్తెరతోనే కూర్చాడని గుర్తు చేసుకోవాలి.

చివరి మాట, ఇది మనకెందుకు అంటారు. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ చిన్న విద్యుత్ మాండలిన్ పట్టుకుని కర్ణాటక కచేరీ వేదిక ఎక్కినప్పుడు, ఇదేమి వాద్యమని సందేహించినవారున్నారు. ఆ తెలుగుబిడ్డనే తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లు తమ 'రిమెంబర్ శక్తి' బృందంలో పక్కన కూర్చోబెట్టుకున్నారు. సాక్సఫోన్‌ను కర్ణాటక సంగీతానికి ఒప్పించిన కద్రి గోపాల్‌నాథ్‌తో కలిసి అమెరికాలో స్థిరపడిన రుద్రేశ్ మహంతప్ప 2008లో 'కిన్స్‌మెన్' అనే ఆల్బం చేశాడు. రెండు సాక్సఫోన్లు, రెండు బాణీలు, ఒకే రక్తం అన్నట్టుగా ఉంటుంది. శ్రీనివాస్ 2014లో, గోపాల్‌నాథ్ 2019లో వెళ్ళిపోయారు. కొత్త వాద్యాన్ని, కొత్త బాణీని సందేహించే బుద్ధి మాత్రం వెళ్ళలేదు.

వాదించి ఊరుకుంటే చాలదు. పేర్లు చెప్పాలి. చెప్పే పద్ధతి కూడా మారాలి. 'అద్భుతం, తప్పక వినండి' అనేది సిఫారసు కాదు, చప్పట్లు. మంచి సిఫారసులో ఎవరు వాయించారో, ఏం వాయించారో ఉండాలి. ఎక్కడ చెవి ఒగ్గాలో ఉండాలి. ఎక్కడ ఇబ్బంది పడతారో దాచకుండా ఉండాలి. ఆ కొలతతోనే నా వంతుగా కొన్ని.

విజయ్ అయ్యర్ 'అనీజీ' (2021). తమిళ కుటుంబంలో అమెరికాలో పుట్టి, గణితం, భౌతికశాస్త్రం చదివి పియానోకు వచ్చినవాడు. ఇక్కడ బాస్ మీద లిండా మే హాన్ ఓ, డ్రమ్స్ మీద టైషాన్ సోరీ. మొదటి రచన మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ పట్టణంలో సీసం కలిసిన నీళ్ళు తాగిన పిల్లల పేర ఉంది. కోల్ పోర్టర్ పాత పాట ఒకటి కూడా ఉంది, పాతవారికి ఊరటగా. మొదటిసారి పియానోను వదిలి డ్రమ్స్‌నే వినండి. సోరీ తాళం వేయడు, సంభాషిస్తాడు.

ఆ సోరీనే పట్టుకుని ముందుకు వెళ్ళండి. 2024లో సంగీతానికి పులిట్జర్ బహుమతి అందుకున్న అతని రచన పేరులోనే వాడాడా లియో స్మిత్‌కు అంకితమని ఉంది. ఎవరా స్మిత్? మిసిసిపీలో 1941లో పుట్టిన ట్రంపెట్ వాద్యకారుడు. నల్లజాతి పౌరహక్కుల ఉద్యమం మీద 'టెన్ ఫ్రీడమ్ సమ్మర్స్' (2012) అనే నాలుగు డిస్కుల మహారచన చేసినవాడు. అదే స్మిత్, అదే అయ్యర్ ఇద్దరే కలిసి 2016లో చేసిన ఆల్బమును బరోడాలో చిత్రకళ బోధించిన నస్రీన్ మొహమ్మదీకి అంకితమిచ్చారు. దాని పేరు కూడా ఆమె దినచర్య పుస్తకాల నుంచి తీసుకున్నదే. చూశారా, ఒక్క డ్రమ్స్ కళాకారుడి పేరు చదివినందుకు దారి మిసిసిపీ మీదుగా బరోడాకు వచ్చింది. 'టెన్ ఫ్రీడమ్ సమ్మర్స్' ఒక్క కూర్చోడంలో వినేది కాదు. ఆదివారానికి ఒక డిస్కు చొప్పున నెల రోజులు పెట్టుకోండి.

ఇమాన్యుయెల్ విల్కిన్స్ 'ఒమేగా' (2020). ఆల్టో సాక్సఫోన్. ఆల్బం వచ్చేనాటికి అతనికి ఇరవై మూడేళ్ళు. ఇందులో ఒక రచనకు మేరీ టర్నర్ పేరు, మరొకదానికి ఫెర్గూసన్ పేరు. భర్తను మూక చంపిందని నిరసించినందుకు 1918లో జార్జియాలో మూక చేతిలోనే హతమైన గర్భిణి మేరీ టర్నర్. 2014లో మైకేల్ బ్రౌన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు పోలీసు తూటాకు బలైన ఊరు ఫెర్గూసన్. రెండింటికీ ఉపశీర్షిక ఒకటే: ఇది అమెరికా సంప్రదాయమని. మేరీ టర్నర్ పేరిట ఉన్నది వినడం కష్టం. సాక్సఫోన్ అరుస్తుంది. ఆ అరుపు నచ్చలేదని ఆపేయకండి, అది నచ్చడానికి వాయించినది కాదు. ఇలాంటిదాన్ని కాఫీ జాజ్ వరుసలో ఎక్కడ ఇరికిస్తారో చూడాలని ఉంది.

మేరీ హాల్వర్సన్ 'అమరిలిస్' (2022). గిటార్, ట్రంపెట్, ట్రాంబోన్, వైబ్రఫోన్, బాస్, డ్రమ్స్, రెండవ సగంలో నాలుగు తంత్రీవాద్యాలు. హాల్వర్సన్ గిటార్ స్వరం పలికిన మరుక్షణం నేల జారినట్టు వంగిపోతుంది. గమకానికి అలవాటుపడిన మన చెవికి అది వింత కాదు, దూరపు చుట్టరికం. స్వరం నిలువుగా, నిక్కచ్చిగా ఉండాలనుకునేవారికి మాత్రం మొదటి పది నిమిషాలు కళ్ళు తిరుగుతాయి.

సన్స్ ఆఫ్ కెమెట్ 'యువర్ క్వీన్ ఈజ్ ఎ రెప్టైల్' (2018). లండన్ బృందం. షబాకా హచింగ్స్ సాక్సఫోన్, థియాన్ క్రాస్ ట్యూబా, వారితో డ్రమ్స్ దరువు. తొమ్మిది రచనలకూ తొమ్మిదిమంది నల్లజాతి స్త్రీల పేర్లు. బానిసలను విడిపించిన హారియెట్ టబ్‌మన్ ఉంది, ఏంజెలా డేవిస్ ఉంది, హచింగ్స్ ముత్తవ్వ కూడా ఉంది. బ్రిటిష్ రాణికి బదులుగా మా రాణులు వీరు అని చెప్పడం. మన ఊరేగింపు డప్పులు విన్నవారికి ఆ దరువు పరాయిది కాదు. ఇదే హచింగ్స్ 2024లో సాక్సఫోన్ పక్కన పెట్టి వేణువులతో ఒక నిశ్శబ్దమైన ఆల్బం చేశాడు. దాన్ని రికార్డు చేసినది 'ఎ లవ్ సుప్రీమ్' పుట్టిన వాన్ గెల్డర్ స్టూడియోలోనే. సంప్రదాయం తెగిపోయిందని అన్నదెవరు?

లండన్‌లో ఈ పంట ఊరికే పండలేదని కూడా చెప్పాలి. 1991లో బాస్ వాద్యకారుడు గ్యారీ క్రాస్బీ, జనీన్ ఐరన్స్‌తో కలిసి 'టుమారోస్ వారియర్స్' అనే సంస్థ పెట్టాడు. పిల్లలకు ఉచితంగా నేర్పాడు. అక్కడ కలిసి పెరిగిన కుర్రవాళ్ళ బృందం 'ఎజ్రా కలెక్టివ్' 2023లో మెర్క్యురీ బహుమతి గెలిచింది. ఆ బహుమతి ఒక జాజ్ బృందానికి రావడం అదే మొదటిసారి. జాజ్ చచ్చిపోయిందని మనవాళ్ళు కర్మకాండ చేస్తున్న ముప్పై ఏళ్ళూ అక్కడ ఒకాయన పిల్లలకు బాస్ ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నాడు.

మిత్రులారా, నా కోరిక చిన్నది. ఈ నెలలో ఒక్క ఆల్బం ఎన్నుకోండి. వాయించినవారు బతికి ఉండాలి, అది ఒక్కటే షరతు. వీలైతే డబ్బిచ్చి కొనండి. బ్యాండ్‌క్యాంప్ వంటి చోట కొంటే అందులో అధికభాగం కళాకారుడికే చేరుతుంది. మూడుసార్లు వినండి. ఒకసారి ముఖ్యవాద్యం కోసం, ఒకసారి పక్కవాద్యాల కోసం, ఒకసారి ఏమీ వెతకకుండా. ఆ తరువాత దాని గురించి తెలుగులో రాయండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాయండి, అదీ గౌరవమే. రాసేటప్పుడు వాయించిన ప్రతివారి పేరూ, డ్రమ్స్ వాయించినవారి పేరుతో సహా, తప్పులేకుండా రాయండి. మన భాషలో ఆ పేరు ఎవరూ అంతకుముందు రాసి ఉండకపోవచ్చు.

'కైండ్ ఆఫ్ బ్లూ' ఎక్కడికీ పోదు. అది రేపూ ఉంటుంది, మన మనవలకూ ఉంటుంది. ఈ రాత్రి ఏ చిన్న క్లబ్బులోనో పన్నెండుమంది ముందు వాయిస్తున్న మనిషికి మాత్రం పదమూడవ శ్రోత ఈ రాత్రే కావాలి.